మొక్కుకి పోసిన నీళ్లు

"ఇంక చాలమ్మే. నన్ను వదిలెయ్యమని చెప్పు," అంది మదర్ రోసాలియా.

డాక్టరు సాల్వో ఆగ్నేశమ్మ వైపు తిరిగాడు. "ఏమంటున్నారు?"

ఆగ్నేశమ్మ తడుముకోలేదు. "బతకాలని ఉందంటున్నారు. మీరేం చేసినా సరేనంటున్నారు," అని ఇటాలియన్‌లో చెప్పేసింది.

ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు మంచం మీద, ఒకరు మంచం పక్కన.

మదర్ కాదనొచ్చు. తల అడ్డంగా ఊపడానికి ఏ భాషా అక్కర్లేదు. ఊపలేదు. ఆగ్నేశమ్మ ముఖంలోకి కాసేపు చూసి కళ్లు మూసుకుంది. డాక్టరు దాన్నే ఒప్పుదల అనుకున్నాడు. సంచీ తెరిచి, ముక్కులోంచి కడుపులోకి దించే సన్నటి గొట్టం బయటికి తీశాడు.

గొట్టం దిగేటప్పుడు మదర్ ఎడమచెయ్యి దుప్పటిని పట్టుకున్న తీరు ఆగ్నేశమ్మ చూసింది. చూసి, కిటికీ వైపు తిరిగింది.

*

సిసిలీ దీవిలో, సముద్రం కనబడే కొండవాలు మీద ఉంటుంది ఆ మఠం. ఒకప్పుడు నిండా సిస్టర్లు. ఇప్పుడు వాళ్లంతా తోటగోడ అవతల రాతిపలకల కింద ఉన్నారు. మిగిలింది ముగ్గురు. మదర్ రోసాలియా, ఆవిడ ఈడుదే సిస్టర్ కొంచెత్త, సిస్టరుగా ఇంకా మాటపట్టు, అంటే వ్రతం, తీసుకోని ఆగ్నేశమ్మ.

మదర్ వయసులో ఉండగా పల్నాడు వచ్చింది. అక్కడొక కుష్ఠు ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు పుండ్లు కడిగింది. తెలుగు ఆ రోగుల దగ్గరే నేర్చింది. అందుకని ఆవిడది పుస్తకాల తెలుగు కాదు, మిరపచేలల్లో కూలికెళ్లే ఆడవాళ్ల తెలుగు. కోపమొచ్చినా "నీ దుంపతెగ" అనేది, ముద్దొచ్చినా "నీ దుంపతెగ" అనేది. ఏ దుంప ఏదో ముఖం చూసి తెలుసుకోవాలి.

ఆగ్నేశమ్మది రెంటచింతల పక్క పల్లె. సిస్టరు కావడానికి ఈ దేశం వచ్చింది. గాలి అంతా ఉప్పు, భోజనం అంతా చప్పిడి, రాత్రంతా సముద్రం రొద. మొదటి వారమే పారిపోదామనుకుంది. వంటింట్లో గిన్నె జారిపడితే వెనక నుంచి, "కళ్లు నెత్తిన పెట్టుకున్నావా ఏందే?" అని వినబడింది. తిరిగి చూస్తే తెల్లటి ముసలి దొరసాని. ఆగ్నేశమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

ఆ రోజు నుంచి మదర్ ఆమెకు గురువు. ప్రార్థన, మౌనం, రొట్టె పిండి కలపడం, ముసలివాళ్ల వీపు తుడవడం, అన్నీ ఆవిడే నేర్పింది. ఒక్కటి మాత్రం ఎంత చెప్పినా ఆగ్నేశమ్మ వినలేదు.

"కొంచెత్తతో మాట్లాడవే. నోరు తిరుగుద్ది."

"ఆవిడ ఇటాలియన్ కాదు మదర్. అదేదో పల్లెభాష. ఒక్క ముక్క తెలిసి చావదు."

"నాకు మాత్రం మీ పల్నాడు పుట్టంగానే తెలిసిందా?"

ఆగ్నేశమ్మ నవ్వేసేది. కొంచెత్త ఏమన్నా తల ఊపేది. కొంచెత్త ఉప్పు అడిగిందో ఊరు అడిగిందో ఆమెకు పట్టేది కాదు. పక్కన మదర్ ఉందిగా.

ద్రాక్షలు కోసిన రోజుల్లో మదర్ వంటింట్లో కుప్పకూలింది. తెలివొచ్చేసరికి కుడివైపు పడిపోయింది, మింగడం కష్టమైంది. దాంతోపాటు ఇటాలియనూ పోయింది. పుట్టి పెరిగిన ఊరి యాసా పోయింది. నోట్లో మిగిలింది తెలుగు ఒక్కటే. చెవికి అన్నీ తెలుస్తున్నాయి, నాలుక మీదికి మాత్రం తెలుగే వస్తోంది. అరుదుగా ఇలా జరుగుతుందన్నాడు డాక్టరు. ఎందుకో ఆయనకూ తెలియదు.

కొంచెత్త, మదర్ ఒకే ఊళ్లో, ఒకే వీధిలో పుట్టారు. ఒకే రోజు ఈ మఠంలో చేరారు. కొంచెత్త మంచం పక్కన మోకరిల్లి, "రోసా, నేనే, రోసా," అంది.

మదర్ ఆమె చెంప తడిమి, "ఏందమ్మే, ఏడుస్తన్నావా?" అంది.

కొంచెత్త అర్థంకాక ఆగ్నేశమ్మ వైపు చూసింది. అరవై ఏళ్ల స్నేహం, ఒక పరాయి పిల్ల నోటికోసం ఎదురుచూసింది.

ఆ క్షణాన ఆగ్నేశమ్మకు సంతోషం వేసింది. ఎక్కడో అడుగున, చీకట్లో. మదర్ ఇప్పుడు తనది, తన ఒక్కదానిది. ఆ సంతోషం సంగతి ఆమె ఫాదరు దగ్గర పాపసంకీర్తనంలో కూడా చెప్పుకోలేదు.

*

గొట్టం పెట్టాక మదర్ నోటితో మింగే పని తప్పింది. పాలలాంటి మందు ఆహారం, కొలిచి, గొట్టంలో పొయ్యాలి. ఆ పని ఆగ్నేశమ్మ ఎవరికీ ఇవ్వలేదు. డాక్టరు చెప్పినదానికి ఓ గుక్క ఎక్కువే పోసేది. ఒంట్లో బలం రావాలిగా.

బలం రాలేదు. చేతులు ఉబ్బాయి. పాదాలు నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. రొమ్ములో గురగురమని చప్పుడు మొదలైంది. దగ్గొస్తే ముఖం నల్లబడేది. అయినా మాట స్పష్టంగానే ఉండేది. కాకపోతే మదర్ మాట్లాడటం తగ్గించింది.

"ఏమంటోంది?" అని కొంచెత్త గుమ్మంలోంచి అడిగేది. ఆగ్నేశమ్మకు అర్థం కావాలని కష్టపడి బళ్లో నేర్చిన ఇటాలియన్‌లో అడిగేది.

"ఏం లేదు. నిద్రొస్తోందంటున్నారు."

"నా గురించి ఏమన్నా అందా?"

"లేదు సిస్టర్."

ఒక తెల్లవారుజామున చూస్తే గొట్టం మంచం కింద పడి ఉంది. ముక్కు నుంచి నెత్తురు కారి దిండు మీద ఎండింది. "నిద్రలో తెలియక లాగేసుకున్నారు," అని ఆగ్నేశమ్మ డాక్టరుకు చెప్పింది.

నిద్రలో కాదు. ఆగ్నేశమ్మ ఆ పక్కనే కుర్చీలో ఉంది. మదర్ కళ్లు తెరిచే ఉన్నాయి.

గొట్టం మళ్లీ పెట్టారు. ఈసారి ఎడమచేతిని మెత్తటి గుడ్డతో మంచం పట్టెకు కట్టారు. కట్టింది ఆగ్నేశమ్మే. చర్మం ఒరుసుకోకుండా, విడిపోకుండా, రెండు చుట్లు తిప్పి ముడి వేసింది. ముప్పై ఏళ్లు పల్నాడులో పుండ్లు కడిగిన చెయ్యి అది. మదర్ ఆ ముడిని చూసింది.

"బాగా నేర్చుకున్నావే," అంది.

*

ఇక బొప్పాయి సంగతి.

కిందటి వసంతంలో ఎవరో భక్తులు పట్నం నుంచి బొప్పాయి పండు తెచ్చిచ్చారు. కోస్తే రంగుంది గాని రుచి లేదు. మదర్ ఒక ముక్క నోట్లో వేసుకుని, "సొరకాయ నమిలినట్టుందే," అంది. అయినా గింజలు పారెయ్యనివ్వలేదు. పొయ్యిబూడిద తెప్పించి, అందులో వేసి ఆగ్నేశమ్మ చేత పులిమించింది.

"గట్టిగా రుద్దు. చుట్టూ ఉన్న జిగురు సంచి చితకాల. జిగురుంటే మొలవదు."

"మా ఇంట్లో ఎవరు రుద్దారు మదర్? తిని దొడ్లో ఊస్తే మొలిచేది."

"మీ దొడ్లో మొలిస్తే గొప్పేముందే? ఇక్కడ మొలిపించు చూద్దాం."

గింజల్ని నీడన ఆరబెట్టి, పెరుగు డబ్బాల్లో మట్టి నింపి, రొట్టెలు కాల్చే పొయ్యి మీది వెచ్చటి గూట్లో పెట్టారు. రోజులు గడిచాయి. ఏమీ రాలేదు. కొంచెత్త ఆ డబ్బాల్ని చూసి నవ్వుకుంటూ పోయేది. పారేద్దామనుకున్న రోజుల్లో, మట్టి నెత్తిన పెట్టుకుని రెండాకులు లేచాయి.

లేచిన వాటిలో గట్టిదాన్ని ఎంచి, తోటలో దక్షిణం గోడ పక్కన నాటారు. పగలు కాగిన రాళ్లు రాత్రి వేడి వదులుతాయని మదర్ ఆ చోటు చూపించింది. ఆ దీవిలో ఎండాకాలం చినుకు పడదు. ఆగ్నేశమ్మ పొద్దున కొంత, సాయంత్రం కొంత నీళ్లు పోసేది. మొక్క రోజుకింత లేచింది. ఆలివుల మధ్య, నిమ్మల మధ్య, చేతులు చాపుకున్నట్టు పెద్ద పెద్ద ఆకులతో నిలబడింది. "అంజూరం చెట్టు గొడుగు పట్టుకున్నట్టుంది," అని కొంచెత్త వెక్కిరించింది. మదర్ దాన్ని తెలుగులోకి మార్చి చెప్పి పడీ పడీ నవ్వింది.

అది మదర్ బాగున్న రోజుల మాట.

అక్కడ వానలు ఎండాకాలం పోయాకే మొదలవుతాయి. చలీ వానా కలిసి వస్తాయి. మదర్ మంచాన పడిన కొన్నాళ్లకు బొప్పాయి ఆకులు పసుపెక్కాయి. తర్వాత వాలిపోయాయి. కాడలు కాండానికి అంటుకుని, తడిసిన కోడి రెక్కల్లా వేలాడాయి.

ఆగ్నేశమ్మ రెంటచింతల ఎండల్లో పుట్టిన పిల్ల. ఆకు వాలిందంటే దాహమని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. బిందెడు నీళ్లు పోసింది. మర్నాడు ఇంకా వాలింది. ఇంకో బిందె పోసింది. చలికి ముడుచుకుందేమోనని నీళ్లు కాచి, గోరువెచ్చగా చేసి పోసింది. వాన వెలిసిన పూట కూడా పోసింది. వాననీళ్లు చల్లన, తన నీళ్లు వెచ్చన అని ఆమె లెక్క.

కాండానికి తన జపమాల ముడుపు కట్టింది. "గుణదల తల్లీ, ఈ మొక్క చలికాలం గట్టెక్కితే మదర్ కూడా గట్టెక్కాలి. నీ కొండ మోకాళ్ల మీద ఎక్కుతాను," అని మొక్కుకుంది.

అప్పటి నుంచి ఆ రెండు పనులూ ఒకటే అయిపోయాయి. లోపల గొట్టంలో పోసేది, బయట మొక్క మొదట్లో పోసేది. మళ్లీ లోపలికి పరిగెత్తేది. కొంచెత్త వంటింటి కిటికీలోంచి ఏదో కేక వేసేది. చెయ్యి ఊపుతూ, నేల చూపిస్తూ, తన పల్లెభాషలో. ఆగ్నేశమ్మ అలవాటుగా తల ఊపి, బిందె వంచేది.

*

చాలా రోజుల ముసురు తర్వాత ఒకనాడు ఎండ వచ్చింది.

"నన్ను ఎండలోకి తీసుకుపో," అంది మదర్.

చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. కొంచెత్త కాళ్లకు దుప్పటి చుట్టింది. గొట్టాన్ని చెంపకు పట్టీతో అంటించి, ఎడమచేతిని కుర్చీ చేతికి కట్టింది ఆగ్నేశమ్మ. రాళ్లబాట మీద కుర్చీ ఎగిరెగిరి పడుతుంటే మదర్ రొమ్ములో చప్పుడు బయటికే వినబడుతోంది.

"యాడికి మదర్? ఇక్కడ ఆపనా? సముద్రం బాగా కనబడుద్ది."

"సముద్రం ఏం చేసుకోను? బొప్పాయి కాడికి పద."

ఆగ్నేశమ్మ ఆగింది. "అది కొంచెం వాడిపోయింది మదర్. ఎండలొస్తే తేరుకుంటది."

"పదవే."

దక్షిణం గోడ పక్కన కుర్చీ ఆపింది. మనిషెత్తు కాండం, దాని చుట్టూ వేలాడుతున్న ఎండుటాకులు, నడుముకు జపమాల. చెట్టు మొదట్లో మట్టి నల్లగా, బురదబురదగా ఉంది. కుర్చీ చక్రం అందులో దిగబడింది.

మదర్ చాలాసేపు చూసింది.

"చెయ్యి విప్పు."

"వద్దు మదర్."

"విప్పు."

"గొట్టం లాగేసుకుంటారు. మళ్లీ పెట్టేటప్పుడు మీకే కదా నొప్పి."

మదర్ కన్ను తిప్పలేదు. అలా చూస్తూ ఉంది. ఆ చూపును ఆగ్నేశమ్మ ఎక్కువసేపు ఓర్చుకోలేకపోయింది. వంగి ముడి విప్పింది. విప్పి, లాగితే పట్టుకుందామని తన చెయ్యి ఆ ముక్కు దగ్గరే సిద్ధంగా ఉంచుకుంది.

ఉబ్బిన ఎడమచెయ్యి మెల్లగా లేచింది. ముక్కు వైపు పోలేదు. ముందుకు చాచుకుని బొప్పాయి కాండం మీద ఆనింది.

తోసిందని కూడా అనలేం. ఆనించిందంతే.

చెట్టు ఒరిగింది. ఫెళ్లుమని విరగలేదు. మెత్తగా, చప్పుడు లేకుండా, తడిసిన గోడ కూలినట్టు పక్కకి పడిపోయింది. జపమాల బురదలో పడింది.

మొదలు తెగినచోట గుల్ల. నల్లగా, జిగటగా ఉంది. వేళ్లున్న చోట వేళ్లు లేవు.

"వాసన చూడు," అంది మదర్.

ఆగ్నేశమ్మ మోకాళ్ల మీద కూర్చుని వంగింది. వారం నిలవున్న కుడితి వాసన.

"ఎండి చచ్చిందా, తాగి చచ్చిందా?"

ఆగ్నేశమ్మ జపమాలను బురదలోంచి తీసి తుడుస్తూ కూర్చుంది.

"అడుగుతున్నా చెప్పు."

"ఆకులు వాలినయ్యి మదర్. దాహమనుకున్నా."

"నీకు చెప్పిందా, దాహమని?"

"మా ఊళ్లో ఆకు వాలితే..."

"ఇది మీ ఊరా?"

కొండ కింద ఎక్కడో గాడిద అరిచింది. మదర్‌కు దగ్గు తెర వచ్చింది. ఆగ్నేశమ్మ లేవబోతే ఆగమన్నట్టు వేలు చూపింది. దగ్గు తగ్గాక, ఊపిరి కూడదీసుకుని, ఒక్కొక్క మాటే అంది.

"రోజూ పోశావు గదా. మొక్కకి పోశావా, మొక్కుకి పోశావా?"

తర్వాత ఆ ఎడమచేతిని తనే తీసుకొచ్చి కుర్చీ చేతి మీద పెట్టుకుంది. మణికట్టు పైకి తిప్పి పెట్టుకుంది.

"ఇంక కట్టుకో," అంది.

గుడ్డ ఆగ్నేశమ్మ చేతిలోనే ఉంది. రెండు కొనలూ దొరకబుచ్చుకుంది. ఒక చుట్టు తిప్పింది. ముడి పడలేదు. మళ్లీ తిప్పింది. మదర్ ఓపిగ్గా, పిల్లకు జడ వేయించుకునేదానిలా కదలకుండా కూర్చుంది.

చివరికి ఆగ్నేశమ్మ గుడ్డను మడిచి జేబులో పెట్టుకుంది. చక్రాన్ని బురదలోంచి లాగి, కుర్చీ తోసుకుంటూ లోపలికి తీసుకుపోయింది. ఆ పూటంతా మదర్ చెయ్యి విడిగానే ఉంది. గొట్టం జోలికి పోలేదు.

*

డాక్టరుకు ఫోను చేసింది ఆగ్నేశమ్మే.

సాల్వో వచ్చి, రొమ్ము మీద స్టెతస్కోపు ఆనించి విని, పెదవి విరిచాడు. కొంచెత్త మంచం కాళ్లవైపు కూర్చుని ఉంది.

"మదర్‌ను ఇంకోసారి అడగండి," అంది ఆగ్నేశమ్మ. "ఈ గొట్టం ఉంచాలో వద్దో."

డాక్టరు వంగి అడిగాడు. మదర్ విని, ఆగ్నేశమ్మ వైపు తల తిప్పింది.

"వచ్చిన పని అయింది. బండి కట్టమను."

ఆగ్నేశమ్మ ఒక్కో మాటే ఇటాలియన్‌లోకి దింపింది. "వచ్చిన పని అయిందంటున్నారు. బండి కట్టమంటున్నారు."

"ఏ బండి?" అన్నాడు డాక్టరు.

కొంచెత్తకు అర్థమైంది. నుదుటి మీద, రొమ్ము మీద సిలువ గుర్తు వేసుకుంది.

"పోయినసారి కూడా ఇదే అన్నారు," అంది ఆగ్నేశమ్మ. ఇప్పుడు ఆగితే మళ్లీ చెప్పలేనని ఆమెకు తెలుసు. "వదిలెయ్యమన్నారు. నేను మార్చి చెప్పాను. గొట్టం లాగింది కూడా నిద్రలో కాదు. మేలుకునే లాగారు. నాకు తెలుసు."

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

కొంచెత్త లేచింది. మంచం చుట్టూ తిరిగి, మోకాళ్ల నొప్పితో కుంటుకుంటూ వచ్చి, ఆగ్నేశమ్మ చెంప మీద ఫట్మని ఒక్కటిచ్చింది.

మంచం మీద నుంచి గురగురమని చప్పుడు. దగ్గు కాదు. మదర్ సగం నోటితో నవ్వుతోంది.

"దీని చెయ్యి ఇంకా గట్టిదేనే," అంది.

"ఏమంది?" అని అరిచింది కొంచెత్త. "ఏమంది? చెప్పు!"

"మీ చెయ్యి ఇంకా గట్టిదేనంటున్నారు, సిస్టర్."

కొంచెత్త నోరు తెరిచింది. నవ్వబోయి, అది మధ్యలోనే విరిగి, మదర్ పాదాల మీద తల పెట్టి బావురుమంది. ఉబ్బిన పాదాలు. డాక్టరు చేతులు కడుక్కుని, చెంప మీది పట్టీ మెల్లగా ఊడదీశాడు.

*

గొట్టం తీశాక రొమ్ములో చప్పుడు కొంచెం తగ్గింది. పెదవులు ఎండితే తడిగుడ్డతో అద్దేవాళ్లు. అంతకుమించి ఏమీ పోయలేదు. ఖాళీ చేతులతో ఆ మంచం పక్కన కూర్చోవడం ఆగ్నేశమ్మ వల్ల అయ్యేది కాదు. చేతులు ఏదో ఒకటి వెతుక్కునేవి. దుప్పటి సర్దేవి, సర్దిన దుప్పటిని మళ్లీ సర్దేవి. కడుపులో ఏమీ పడని ముఖం రోజురోజుకీ చిక్కిపోవడం చూస్తూ కూర్చోవాలి. అదే పని.

ఒక మధ్యాహ్నం ఆమె అడిగేసింది.

"మీరు పోతే నాతో తెలుగు మాట్లాడేదెవరు మదర్?"

జవాబు వస్తుందనుకోలేదు. మదర్ పొద్దుటి నుంచి కళ్లు తెరవలేదు. చాలాసేపటికి పెదవులు కదిలాయి.

"నాకు తెలుగు నేర్పిందెవరు?"

"ఆసుపత్రిలో రోగులన్నారుగా."

"ఆళ్లలో బతికిబట్టకట్టింది ఎందరే?" ఊపిరి తీసుకుంది. "పోతా పోతా నీళ్లన్నారు. నీళ్లంటే తెలిసింది. నొప్పన్నారు. నొప్పంటే తెలిసింది. అమ్మా అన్నారు." ఇంకా ఏదో అనబోయి ఆగింది. "నాకొచ్చిన ప్రతి మాటా పోయినోళ్లదే."

ఆ తర్వాత మదర్ తెలుగు కూడా మానేసింది. ఆగ్నేశమ్మ ఆవిడ నోటి దగ్గర చెవి పెట్టి కూర్చునేది. ఊపిరి తప్ప ఏమీ వినబడేది కాదు.

ఒక ఉదయం అదీ ఆగింది. ఆ సమయానికి బయట వాన పడుతోంది.

*

మదర్ ఒళ్లు కడగాల్సింది ఇద్దరే.

కొంచెత్త నీళ్లు కాచి తెచ్చింది. ఆగ్నేశమ్మ గుడ్డలు చించింది. ముఖం, మెడ, చంకలు. పడిపోయిన కుడిచెయ్యి, ఉబ్బిన ఎడమచెయ్యి. మణికట్టు చుట్టూ కట్టు ఒరుసుకున్న గీత ఇంకా ఎర్రగానే ఉంది. ఆగ్నేశమ్మ ఆ గీత మీద గుడ్డ ఆనించి ఉంచింది. కొంచెత్త చూసింది.

నడుము దాటి కాళ్ల దగ్గరికి వచ్చారు. కొంచెత్త తడిగుడ్డ పిండుతూ ఏదో చెప్పింది. తన పల్లెభాషలో. ఆగ్నేశమ్మ తల ఊపబోయింది.

ఊపలేదు.

"ఏమన్నారు సిస్టర్?"

కొంచెత్త మళ్లీ అంది. అదే మాట, కొంచెం గట్టిగా, చెవిటిదానికి చెప్పినట్టు.

"నాకు రాదు," అంది ఆగ్నేశమ్మ. "చెప్పండి."

ముసలామె ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని, లాక్కెళ్లి, మదర్ పాదం అడుగున పెట్టింది. మడమ కింద.

"కర్కాన్యు," అంది.

"కర్కాను."

"కర్కాన్యు." చివర నాలుక ఎక్కడ ఆనాలో నోరు తెరిచి చూపించింది.

మడమ చల్లగా, బరువుగా ఉంది. పగుళ్లున్నాయి. ఆగ్నేశమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, మళ్లీ అంది.